నెమ్మదిగా భోజనం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయురాలిని. హాస్టల్లో చదువుకున్న రోజుల్లో 5 నిమిషాల్లో కంచం ఖాళీ చేయడం అలవాటైంది. నలభై దాటాక కడుపుమంట భరించలేక ఆ అలవాటు మానుకోవడానికి పూనుకుంటే దాదాపు ఏడాది పట్టింది. అప్పటి నుంచి చుట్టాలు, తోటి ఉపాధ్యాయులు, పిల్లల తల్లులు నన్ను ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

గబగబా తింటానని మా ఇంట్లోవాళ్లు అంటారు. నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

మూడు రోజులపాటు మీ తీరు ఏమీ మార్చకుండా గడియారం చూడండి. మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పుడు ఒకసారి, చేయి కడుక్కున్నప్పుడు ఒకసారి. పప్పు, కూర, పెరుగు ఉన్న పూర్తి భోజనం 10 నిమిషాల్లోపే ముగుస్తుంటే అది వేగమే. గడియారం చూడకపోయినా గుర్తులున్నాయి. పక్కవాళ్లు పప్పన్నంలో ఉండగానే మీరు పెరుగన్నానికి వచ్చేస్తారు. నోట్లో ముద్ద ఉండగానే చేతిలో మరో ముద్ద సిద్ధంగా ఉంటుంది. ముద్ద దిగడానికి నీళ్లు తాగాల్సి వస్తుంది. పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకుంటాం గానీ, వారానికి మూడు నాలుగు సార్లు పొలమారుతుంటే ముద్దల వేగం చూసుకోవాల్సిందే.

నెమ్మదిగా తింటే ఒరిగేదేమిటి?

కడుపు నిండిందన్న కబురు మెదడుకు వెంటనే చేరదు. జీర్ణాశయం గోడలు సాగినప్పుడు నరాల ద్వారా కొంత తెలుస్తుంది. ఆహారం పేగుల్లోకి దిగాక విడుదలయ్యే హార్మోన్ల ద్వారా మిగతాది తెలుస్తుంది. దీనికి 15 నుంచి 20 నిమిషాలు పడుతుందని సాధారణంగా చెబుతారు. మీరు ఏడు నిమిషాల్లో తినేస్తే, ఆ కబురు అందేలోపే మారు అన్నం కూడా అయిపోతుంది. లేచాక వచ్చే ఆయాసం అందుకే.

గబగబా మింగేటప్పుడు గాలి కూడా లోపలికి పోతుంది. త్రేన్పులకు, కడుపుబ్బరానికి అదొక కారణం. పైగా అన్నం, జొన్న, మక్కజొన్న అన్నీ పిండిపదార్థాలే. వాటి అరుగుదల నోట్లోనే మొదలవుతుంది, లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము వాటిని చక్కెరలుగా విడగొడుతుంది. వట్టి అన్నం ముద్దను ఒక్కసారి బాగా నమిలి చూడండి. కాసేపటికి తియ్యబడుతుంది. కడుపులో పళ్లుండవని మా నాయనమ్మ పదేపదే అనేది. ఆ మాట నిజమని నాకు మందుల చీటీ చేతికొచ్చాక అర్థమైంది.

చిన్నప్పటి నుంచి ఇంతే. ఈ వయసులో మారుతుందా?

మారుతుంది. అయితే ముందు ఆ వేగం ఎక్కడ అబ్బిందో వెతకండి. నాకు హాస్టల్ గంట నేర్పింది. ఆలస్యమైతే కూర అయిపోయేది, రెండో గంటకు కంచం కడిగి వరుసలో నిలబడాలి. మా అన్నయ్యకు రైస్ మిల్లులో హమాలీ పని నేర్పింది. బస్తాల లారీ వచ్చి నిలబడితే నోట్లో ముద్దతోనే లేవాలి. నలుగురు అన్నదమ్ములున్న ఇంట్లో మాంసం వండిన రోజు ఏ పిల్లవాడూ నెమ్మదిగా తినడు. ఇలా తినేవాళ్లను తిండిపోతులనడం అన్యాయం. ఒకప్పుడు అవసరమై నేర్చుకున్న పద్ధతి అది. ఆ అవసరం తీరిపోయినా చేతికి ఇంకా తెలియలేదు, అంతే. కారణం దొరికాక మీ మీద మీకు కోపం తగ్గుతుంది. కోపం తగ్గితేనే ఈ పని సాగుతుంది.

మా తాతలు పొలం గట్టున గబగబా తినేసి పనిలోకి దిగేవారు. వాళ్లకు ఏమీ కాలేదు కదా?

వాళ్లు తిన్నది ఏమిటో గుర్తు చేసుకోండి. పాలమూరు పల్లెల్లో జొన్న రొట్టె, గట్టి గటక, వేయించిన పల్లీల తొక్కు, ఉడికించిన గుడాలు. జొన్న రొట్టె పొడిగా ఉంటుంది, నమలకుండా గొంతు దిగదు. తొందర ఎంత ఉన్నా ఆ తిండి మనిషిని ఆపుతుంది. ఇప్పుడు మన కంచంలో ఉన్నది బాగా పాలిష్ పట్టిన మెత్తటి అన్నం. 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లోనూ సన్నబియ్యం ఇస్తున్నారు. పేదింటికి మంచి బియ్యం చేరడం సంతోషించాల్సిన విషయం. కానీ పలచటి పప్పుచారుతో కలిపిన సన్నన్నం నమలకుండానే జారిపోతుంది కాబట్టి ఆపే పని మనమే చేసుకోవాలి. వీలైతే రాత్రి పూట జొన్న రొట్టెకు మారండి. రొట్టెను పులుసులో నానబెట్టి తింటే మాత్రం ఈ లాభం పోతుంది.

## మొదటి పది రోజులు

మొదటి రోజు ఒక్కటే పని చేయాలంటే ఏది చేయాలి?

నోట్లో ముద్ద ఉన్నంతసేపు చేతిని ఖాళీగా ఉంచండి. వేళ్లను కంచం అంచున ఆనించి ఆపండి. ముద్ద పూర్తిగా మింగాకే తర్వాతి ముద్ద కలపండి. మనం చేత్తో తినేవాళ్లం కాబట్టి వేగం అంతా చేతిలోనే ఉంటుంది. నోరు నములుతుండగానే వేళ్లు తమంతట తామే అన్నాన్ని దగ్గరికి లాగుతుంటాయి. మొదటి పూటే మీకు ఇది కనిపిస్తుంది. నాకు కనిపించినప్పుడు ఆశ్చర్యపోయాను. భోజనమంతా ఇలా చేయలేకపోతే మొదటి 10 ముద్దలకు చేయండి. మొదలు నెమ్మదిస్తే మిగతాది కొంత దానంతట అదే నెమ్మదిస్తుంది.

ముద్దను 32 సార్లు నమలాలంటారు. లెక్కపెట్టాలా?

అక్కర్లేదు. 32 పళ్లకు 32 సార్లు అనే మాట బాగా పాతది. అమెరికాలో హోరేస్ ఫ్లెచర్ (1849–1919) అనే వ్యాపారి ఆహారం నోట్లో నీరయ్యేదాకా నమలాలని ప్రచారం చేశాడు, వేలమంది అతన్ని అనుసరించారు. జపాన్ ఆరోగ్య శాఖ 2009లో ముద్దకు 30 సార్లు అనే లక్ష్యాన్ని ముందుకు తెచ్చింది. కానీ పెరుగన్నాన్ని 30 సార్లు నమలడం కష్టం, మటన్ ముక్కకు ఆ 30 కూడా చాలకపోవచ్చు. లెక్కపెడుతూ తింటే రుచి పోతుంది, రెండు రోజుల్లో విసుగొస్తుంది. ముద్దలో మెతుకు గానీ ముక్క గానీ నాలుకకు విడిగా తగలనంతవరకు నమలండి. ఈ కొలత ఏ తిండికైనా సరిపోతుంది. ముద్ద పరిమాణం చిన్న నిమ్మకాయకు మించకూడదు.

నెమ్మదిగా తింటుంటే అన్నం చల్లారిపోతోంది, రుచి ఉండటం లేదు.

అన్నమంతా ఒకేసారి పెట్టించుకుని ఒకేసారి కలపడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. మన భోజనంలో ఆగే చోట్లు ముందే ఉన్నాయి. పప్పుతో కొంత, కూరతో కొంత, పచ్చిపులుసుతో కొంత, చివరికి పెరుగు. ఏ వంతుకు ఆ వంతు అన్నం వేడిగా పెట్టించుకోండి. వంతు మారినప్పుడల్లా అర నిమిషం దానంతట అదే దొరుకుతుంది. అంతా కలిపిన కుప్ప ఎదురుగా ఉంటే దాన్ని ముగించాలనే తొందర తప్పదు.

ఆకలి మండిపోతుంటే నెమ్మదిగా తినడం ఎవరికి సాధ్యం?

ఎవరికీ సాధ్యం కాదు. ఆకలి రుచి ఎరుగదు అన్నారు, ఆకలికి వేగం కూడా తెలియదు. అందుకే పని భోజనానికి మూడు గంటల ముందు మొదలుపెట్టాలి. పత్తి ఏరడానికి పొద్దున్నే వెళ్లేవాళ్లు ఒంటిగంట దాకా ఏమీ తినకుండా ఉంటే, సద్ది విప్పగానే ఆవురావురుమంటూ తింటారు. తప్పు వాళ్లది కాదు. పది గంటల వేళ ఒక చెంబు అంబలి గానీ, రెండు గుప్పిళ్ల గుడాలు గానీ, ఒక అరటిపండు గానీ తీసుకుంటే మధ్యాహ్నం చేయి ఆగుతుంది.

ఉపవాసం తర్వాత భోజనానికీ ఇదే పద్ధతి. రంజాన్ నెలలో చాలామంది ముస్లిం కుటుంబాలు ఖర్జూరం, నీళ్లతో రోజా విడిచి, నమాజు చేసుకుని ఆ తర్వాతే భోజనానికి కూర్చుంటాయి. ఆ కాస్త వ్యవధిలో ఆకలి మంట చల్లబడుతుంది. ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలు ఉండేవాళ్లు కూడా ముందు ఒక పండు తిని, పావుగంట ఆగి విస్తరి ముందు కూర్చుంటే మంచిది.

మధ్యలో నీళ్లు తాగవచ్చా?

తాగవచ్చు. నీళ్లతో జీర్ణరసాలు పలచబడి అరుగుదల చెడుతుందన్న భయం అవసరం లేదు. నోట్లో ముద్ద అయిపోయాక గుక్కెడు తాగండి. నమలని ముద్దను నీళ్లతో లోపలికి తోయడం మాత్రం వద్దు.

ఫోను చూస్తూ తింటే నెమ్మదిగానే తింటున్నాను కదా, అది పరవాలేదా?

సమయం ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ మనసు కంచంలో లేకపోతే ఎంత తిన్నామో తెలియదు, చాలన్న కబురు వచ్చినా వినబడదు. ఫోను పక్క గదిలో పెట్టి రండి. మూడు రోజులు చేతికి ఏదో పోయినట్టు ఉంటుంది. నాలుగో రోజు కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో మళ్లీ తెలియడం మొదలవుతుంది.

## ఇంట్లో, బడిలో, దారిలో

అందరికీ వడ్డించి చివర్లో తింటాను. అప్పటికి గిన్నెలు, పిల్లల హోంవర్క్ గుర్తొస్తాయి. నేనెలా నెమ్మదిగా తినాలి?

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లందరూ ఆడవాళ్లే. మీకు ముద్ద నమలడం రాక కాదు, కూర్చుని తినే వేళ మీకు లేక ఈ వేగం వచ్చింది. కాబట్టి జవాబు మీ ఒక్కరి చేతిలో లేదు, ఇల్లంతా మారాలి. అన్నం, పప్పు, కూర గిన్నెలు మధ్యలో పెట్టి అందరూ ఒకేసారి కూర్చోండి. ఎవరికి కావలసింది వాళ్లు పెట్టుకుంటారు. పదేళ్ల పిల్లవాడు పెరుగు గిన్నె అందుకోగలడు, మీ ఆయన రొట్టె అందించగలరు. రొట్టెలు వేడివేడిగా కావాలంటే రోజూ ఒకరు పొయ్యి దగ్గర నిలబడాల్సి వస్తుంది. ఆ వంతు రోజుకొకరు తీసుకోవాలి, లేదా కాల్చి గుడ్డలో చుట్టి పెట్టుకోవాలి.

అత్తగారి ముందు ఇది మాట్లాడటం కష్టమని ఒక చెల్లెలు చెప్పింది. ముందు ఆదివారం ఒక్క పూట మొదలుపెట్టమన్నాను. పిల్లలకు అది నచ్చింది, వాళ్లే మిగతా రోజులకూ అడిగారు. నిలబడి, వంటగట్టు మీద కంచం పెట్టుకుని తినడం మాత్రం ఈ రోజు నుంచే మానేయండి. గిన్నెలు 20 నిమిషాలు ఆగుతాయి.

మా అమ్మాయి గురుకులంలో ఉంటుంది. గంట కొట్టేలోపు తినాలి. ఏం చేయమని చెప్పాలి?

వరుసలో ముందు నిలబడమని చెప్పండి. కబుర్లు భోజనం అయ్యాక చెప్పుకోవచ్చు. మొదట సగం పెట్టించుకుని, కావాలంటే రెండోసారి వెళ్లమనండి. మొదటి ఐదు ముద్దలైనా పూర్తిగా నమలమనండి. అయితే బిడ్డకు చెప్పి ఊరుకోవద్దు. వెళ్లినప్పుడు ప్రిన్సిపల్‌ను, వార్డెన్‌ను కలిసి, చివరి బిడ్డ కంచం అందుకున్నాక ఎన్ని నిమిషాలు ఇస్తున్నారో అడగండి. భోజనానికి 30 నిమిషాలని కాగితం మీద ఉన్నా, వరుస చివర నిలబడిన పిల్లకు దొరికేది పది నిమిషాలే కావచ్చు. నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే రెండు జట్లుగా పంపడం లాంటి మార్పులు జరుగుతాయి. నేను చదివిన హాస్టల్లో ఆ మాట ఎవరూ అడగలేదు, దాని ఫలితం పాతికేళ్లు నా కడుపు మోసింది.

కంపెనీలో షిఫ్టు. భోజన విరామం అరగంటే, అందులో చేతులు కడగడం, క్యూ కూడా కలిపి.

చౌటుప్పల్ చుట్టుపక్కల కంపెనీల్లో, జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో పనిచేసే పిల్లలు ఇదే చెబుతారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఐదు గంటల పని దాటకముందే కనీసం అరగంట విరామం ఇవ్వాలని రాశారు, కాబట్టి ఆ అరగంట ఎవరి దయా కాదు. దాన్ని కోత పడనివ్వకండి. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటే క్యూ సమయం మిగులుతుంది. దొరికే 15 నిమిషాల్లో తినగలిగినంతే తెచ్చుకుని, మిగిలింది సాయంత్రం టీ వేళకు పల్లీలుగానో, పండుగానో తీసుకోండి. తక్కువ సమయంలో ఎక్కువ తిండి కుక్కడం కంటే ఇదే సుఖం.

పెళ్లి పంక్తిలో వెనక కుర్చీ కోసం జనం నిలబడి ఉంటే నెమ్మదిగా ఎలా తింటాం?

రెండో పంక్తికో మూడో పంక్తికో కూర్చోండి, రద్దీ తగ్గుతుంది. విస్తరిలో అన్నీ వడ్డించనివ్వకుండా నచ్చిన నాలుగింటితో ఆపండి. వడ్డించేవాళ్లకు చేయి అడ్డం పెట్టడం అమర్యాద కాదు, విస్తరిలో వదిలేయడం కంటే మేలు. బఫే అయితే కంచంతో పక్కకు వెళ్లి కూర్చునే చోటు వెతుక్కోండి.

బస్సు హోటల్ దగ్గర పావుగంటే ఆగుతుంది. అప్పుడు?

పూర్తి భోజనం, బిర్యానీ వద్దు. ఇడ్లీ గానీ పెరుగన్నం గానీ తీసుకోండి. హారన్ భయంతో తినేకంటే ఇంటి నుంచి రొట్టె, తొక్కు కట్టుకుని బస్సులోనే నెమ్మదిగా తినడం నాకు నచ్చిన పద్ధతి.

మాది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లతో మా నాన్న పళ్లు పాడయ్యాయి, మెడ వంగదు. నమలమంటే ఎలా నమలాలి?

ఈ ప్రశ్న మన జిల్లాలో తప్ప ఇంకెక్కడైనా ఇంత తరచుగా వస్తుందా అనుకుంటాను. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన నీళ్లను చిన్నతనంలో, పళ్లు తయారయ్యే వయసులో తాగినవాళ్లకు పంటి పైపొర మచ్చలు పడి, గుంటలు పడి, తీవ్రమైతే పెళుసుగా మారుతుంది. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుంటాయి. నీటి నుంచి పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచం నల్గొండ పేరే పెట్టింది. మనవాళ్లు ఎంత అనుభవించారో ఆ పేరే చెబుతుంది.

మీ నాన్నగారికి నేల మీద కూర్చోబెట్టి కంచం పెట్టకండి. కుర్చీలో కూర్చోబెట్టి, కంచం ఛాతీ ఎత్తుకు దగ్గరగా వచ్చేలా బల్ల మీద పెట్టండి. అప్పుడు మెడ వంచే అవసరం తగ్గుతుంది. అన్నం మెత్తగా వండి, ఆకుకూర పప్పు, గుడ్డు, బాగా ఉడికిన కూరగాయ చిదిమి కలపండి. జొన్నను రొట్టెగా కాక జావగా, పలచటి గటకగా ఇవ్వండి. చిన్న చెంచాతో కొద్దికొద్దిగా తీసుకుని, నోట్లో కాసేపు ఉంచుకుని మింగితే చాలు, నమలడానికి బాధపడక్కర్లేదు. పాలు, పెరుగు తగినంత ఉండాలి. పంటి వైద్యుడికి చూపించండి, కట్టుడు పళ్లు కుదురుతాయేమో వారు చెబుతారు. బోరు నీళ్లు వంటకు కూడా వాడకండి, మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. మిషన్ భగీరథ నీళ్లే తాగడానికీ వండడానికీ పట్టుకోండి.

## కొన్ని వారాలు గడిచాక

బరువు తగ్గుతానా?

కొందరు తగ్గుతారు. మారు అన్నం అడగకముందే చాలనిపిస్తుంది కాబట్టి తినే పరిమాణం కొంత తగ్గుతుంది. నేను మూడు కిలోలు తగ్గాను, నా చెల్లెలు ఏమీ తగ్గలేదు. కానీ ఇద్దరికీ భోజనం తర్వాత కునుకు, ఆయాసం తగ్గాయి. బరువు కోసమే మొదలుపెడితే కాటా కదలని వారం మానేయాలనిపిస్తుంది. అందుకే కడుపు తేలికను చూసుకోమంటాను.

నెల రోజులైంది, గుండెమంట తగ్గలేదు.

నెమ్మదిగా తినడం ఒక్కటే అన్నిటికీ మందు కాదు. రాత్రి తిన్న వెంటనే పడుకోవడం, కారం, నూనె, పొగాకు, మద్యం, కొన్ని నొప్పి మాత్రలు కూడా కారణాలు కావచ్చు. భోజనానికీ పడకకూ కనీసం రెండు మూడు గంటల ఎడం ఉంచండి. ముద్ద గొంతులోనో ఛాతీలోనో అడ్డుపడినట్టు ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా, వాంతిలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా వైద్యుడిని కలవండి. ఛాతీలో బరువుతో పాటు చెమటలు, ఎడమ చేయి లాగడం ఉంటే దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి, 108కు ఫోను చేయండి.

షుగరు ఉంది. నెమ్మదిగా తినవచ్చా?

తినవచ్చు, మంచిది కూడా. కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తింటే భోజనం తర్వాత రక్తంలో చక్కెర పెరుగుదల తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఒక్క జాగ్రత్త: భోజనానికి ముందు ఇన్సులిన్ గానీ మాత్ర గానీ తీసుకునేవాళ్లు మొదటి ముద్దను ఆలస్యం చేయకూడదు. వైద్యుడు చెప్పిన వేళకే మొదలుపెట్టి, నెమ్మదిగా తినండి. అన్నం తగ్గిపోతుంటే మందు మోతాదు గురించి వారితో మాట్లాడండి, సొంతంగా మార్చవద్దు.

రెండు నెలలు బాగా సాగింది, నాట్ల పనుల్లో మళ్లీ పాత వేగం వచ్చేసింది.

పనుల కాలంలో అందరికీ వస్తుంది. మూడు పూటలూ సరిచేయాలని చూడకండి. రాత్రి భోజనం ఒక్కటి కాపాడుకోండి. పనులు తగ్గాక మధ్యాహ్నం కూడా దారికొస్తుంది. నాకు ఇప్పటికీ పరీక్షల నెలలో వేగం పెరుగుతుంది.

మా అమ్మకు ఎనభై ఏళ్లు. ఆమె గంటసేపు తింటుంది. అది మంచిదేనా?

మొదటి నుంచీ అంతే అయితే భయం లేదు. ఈ మధ్యే అలా మారితే మాత్రం కారణం వెతకాలి. కదిలే పళ్లు, వదులైన కట్టుడు పళ్లు, నోట్లో పుండ్లు, నోరు ఎండిపోయేలా చేసే మందులు, దిగులు, పక్షవాతం తర్వాత మింగడంలో వచ్చే ఇబ్బంది, వీటిలో ఏదైనా కావచ్చు. ముద్ద చాలాసేపు బుగ్గన పెట్టుకుని ఉంటున్నారా, మింగగానే దగ్గుతున్నారా, తిన్నాక గొంతు నీళ్లు నిండినట్టు గరగరలాడుతోందా చూడండి. అలా ఉంటే పడుకోబెట్టి తినిపించకండి. నిటారుగా కూర్చోబెట్టి, తిన్నాక కూడా అరగంట అలాగే ఉంచి, ఆ వారంలోనే వైద్యుడికి చూపించండి. పక్కన ఎవరైనా కూర్చుని వాళ్లూ తమ కంచం ముందు పెట్టుకుంటే పెద్దవాళ్లు తరచుగా రెండు ముద్దలు ఎక్కువే తింటారు.